పిలుపుకి మార్కుల్లేని పరీక్ష

ఇలక్కియ సోషల్ వర్క్ చదవాలనుకోవడానికి కారణం సేవాభావం కాదు, ఒళ్ళుమంట.

వేలు అనే ఆమె నాయన కోయంబత్తూరు కార్పొరేషన్‌లో మురుగు కాలవలు తీసే మనిషి. కాంట్రాక్టు పని. ఒక వానాకాలం మురుగులోకి దిగినప్పుడు అడుగున ఏదో ఇనపముక్క గుచ్చుకుని, కాలు వాచి మంచాన పడ్డాడు. అప్పుడు ఏదో సంస్థ తరఫున ఒక అమ్మాయి సర్వేకి వచ్చింది. గుమ్మం దగ్గరే నిలబడి, చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఇంట్లో మరుగుదొడ్డి ఉందా, మందు తాగుతారా, పెళ్ళాన్ని కొడతారా అని వరసగా అడిగింది. అమ్మ తంగమ్మాళ్ మంచినీళ్ళు తెచ్చిస్తే పుచ్చుకుని, తాగకుండా అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. కాలెలా ఉందని మాత్రం అడగలేదు.

ఇలక్కియ అప్పటికి తిరుప్పూరులో బనియన్ కంపెనీలో పని చేస్తోంది. కుట్టు అయిపోయిన బనియన్లకి వేలాడే దారాలు కత్తిరించడం ఆమె పని. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉండి ఇదంతా కళ్ళారా చూసింది. ఆ గ్లాసులో నీళ్ళు వాకిట్లో పారబోస్తూ, ఇట్లాంటి పనికి జీతం కూడా ఇస్తారా అనుకుంది. ఇస్తారనీ, దానికో పెద్ద చదువు ఉందనీ తెలిశాక, చదివితే అదే చదవాలని పట్టు పట్టింది. కంపెనీ బస్సులో పోతూ వస్తూ కరస్పాండెన్సులో బి.ఏ. పూర్తి చేసి, ఊళ్ళోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఎం.ఎస్.డబ్ల్యూ.లో చేరింది.

వాళ్ళ కాలనీ ఒండిపుదూరు దాటాక రైలు పట్టాల వారగా ఉంటుంది. ఇళ్ళలో మాట తెలుగు. ఎన్ని తరాల కిందటో ఉత్తరాన్నించి వెంట తెచ్చుకున్న మాట. ఏ ఊరి నుంచి తెచ్చుకున్నారో చెప్పగలిగిన వాళ్ళు కాలనీలో ఎవరూ లేరు. బడి చదువంతా తమిళం కాబట్టి ఇలక్కియకి తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. కానీ ఏడుపొచ్చినా, తిట్టాలనిపించినా నోటికి వచ్చేది తెలుగే.

ఆ తెలుగుతోనే ఒక చిక్కు ఉంది. "మీ ఇంట్లో తెలుగా? అయితే నాయుళ్ళా?" అని బయట ఎవరో ఒకరు నవ్వుతూ అడుగుతారు. ఆ చుట్టుపక్కల తోటలూ మిల్లులూ ఫౌండ్రీలూ ఉన్న తెలుగువాళ్ళు నాయుళ్ళు కదా. "కాదు, అరుంధతియర్" అంటుంది ఇలక్కియ. చెప్పుల పనికీ పాకీ పనికీ నెట్టేసిన దళిత కులం అది. "ఓ" అంటారు. ఆ "ఓ" తర్వాత కూడా మొహాన నవ్వు అట్లాగే ఉంటుంది గానీ, నవ్వే మనిషి ఒకడుగు వెనక్కి పోయినట్టుంటుంది. చిన్నప్పట్నుంచీ విన్న "ఓ"లన్నీ ఆమె కడుపులో ఎక్కడో పేరుకుని ఉన్నాయి. అందుకే క్లాసులో ఎవరైనా "పాపం, ఆ జనాలకి తెలీదు" అని మొదలుపెడితే, వెనక వరసలోంచి ఆమె లేచి నిలబడేది. ఏం తెలీదో చెప్పమనేది. ఇలక్కియకి కోపం ఎక్కువని చేరిన నెలలోపే కాలేజీ అంతా తెలిసిపోయింది.

ఆ క్లాసులో ఇంకో తెలుగింటి పిల్ల కూడా ఉంది. పేరు చారులత. తాతల కొబ్బరితోటలు పొల్లాచ్చి దగ్గర ఉన్నాయి. తండ్రికి కోయంబత్తూరులో మోటారు పంపులు చేసే ఫ్యాక్టరీ ఉంది. డబ్బున్న పిల్లనని చూపించుకునే రకం కాదు. తన టిఫిన్ డబ్బా మూత తీసి అందరి ముందుకూ జరుపుతుంది, అందరి డబ్బాల్లోంచీ తింటుంది. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమె ఫోనులో వాళ్ళ అవ్వ రంగమ్మాళ్‌తో మాట్లాడడం ఇలక్కియ చెవిన పడింది. "తిన్నారా అవ్వా? మాత్ర ఏసుకున్నారా? కొంచేపు పండుకోండి" అంటోంది చారులత. ఇంటి తెలుగు కాలేజీలో వినబడేసరికి ఇలక్కియకి ప్రాణం లేచొచ్చింది. దగ్గరికి పోయి తెలుగులోనే పలకరించింది. చారులత మొహం వెలిగిపోయింది. వెంటనే మీ ఊరేది, మీ ఇంటిపేరేది అని అడిగింది. ఇలక్కియ కులంతో సహా చెప్పింది. చారులత ఒక్క క్షణం ఆగి, "పరవాలేదు" అంది.

మంచి మనసుతోనే అంది. ఆ మంచి మనసే ఇలక్కియ గొంతులో చేపముల్లులా ఇరుక్కుంది. అయినా ఆ తర్వాత ఇద్దరూ కలిసే తినేవాళ్ళు. క్లాసులో పక్కపక్కనే కూచునేవాళ్ళు.

వాళ్ళకి ఫీల్డ్ వర్క్ చూసే ప్రొఫెసర్ జెబరాజ్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇలక్కియకి పని తేలికయ్యేది. తిరునల్వేలి వైపు మనిషి, తమిళుడు, మెత్తగా మాట్లాడతాడు. ఎవరి ఇంట్లో కష్టం వచ్చినా జేబులో చెయ్యి పెడతాడు. ఆయనకున్న నమ్మకం ఒక్కటే, కొలిచి చూపించలేనిది లోకం లెక్కచెయ్యదని. ఆ ఏడు ఆయన పట్టుకున్న విషయం కల్చరల్ కాంపిటెన్స్. అంటే తనది కాని కులం, మతం, భాష ఉన్న మనుషుల మధ్యకి పోయినప్పుడు, వాళ్ళని అర్థం చేసుకుని, నొప్పించకుండా మెలగగలిగే నేర్పు. సోషల్ వర్క్ చదివే పిల్లల్లో అది ఎంతుందో కొలవాలని, ఎక్కడో విదేశంలో తయారైన ప్రశ్నల్ని తమిళంలోకి మార్చి, క్లాసులో అందరికీ పంచాడు. మదురైలో జరగబోయే సెమినార్‌కి ఆ ఫలితాలతో పేపర్ రాస్తున్నాడు.

ప్రశ్నలంటే ప్రశ్నలు కావు, వాక్యాలు. ఒక్కోదానికి ఎదురుగా పూర్తిగా ఒప్పుకుంటాను దగ్గర్నుంచి అసలు ఒప్పుకోను దాకా గళ్ళుంటాయి. నిజాయితీగా గుర్తు పెట్టండి, ఇది పరీక్ష కాదు అని ముందే చెప్పాడు జెబరాజ్. ఇలక్కియ ఆ మాట నమ్మింది.

"ఇతర వర్గాల ఇళ్ళలోకి వెళ్ళడం నాకు సహజంగా, హాయిగా ఉంటుంది" అని ఒక వాక్యం. ఇలక్కియకి బడిలో తోటిపిల్ల పుట్టినరోజు గుర్తొచ్చింది. పిల్లలందరికీ స్టీలు గ్లాసుల్లో పాయసం ఇచ్చి, తనకి మాత్రం కాయితం కప్పులో ఇచ్చి, తాగాక ఆ కప్పు నువ్వే బయట పారేసి రామ్మా అని ఆ తల్లి ముద్దుగా చెప్పడం గుర్తొచ్చింది. అసలు ఒప్పుకోను అన్న గడిలో గుర్తు పెట్టింది. "ఏ వర్గం మీదా నాకు ముందే ఏర్పడిన అభిప్రాయాలు లేవు" అని ఇంకో వాక్యం. ఎందుకు లేవు, బోలెడున్నాయి. అక్కడా నిజమే రాసింది. పక్కన చారులత కలం చకచకా కిందికి దిగిపోయింది. అన్నీ హాయే, అన్నీ సహజమే. ఆమె అబద్ధం రాయలేదు. ఆమెకి నిజంగానే ఏ ఇంట్లోకి పోయినా ఎవరూ కాయితం కప్పు ఇవ్వరు.

ఫలితాలొచ్చాక చారులత క్లాసులో అందరికంటే పైన ఉంది. ఇలక్కియ అట్టడుగున ఉంది. పేర్లు చదవనన్న జెబరాజ్ పేర్లు చదవలేదు గానీ, పైనున్న వాళ్ళని ఫీల్డ్ వర్క్ జట్లకి నాయకుల్ని చేసి, కిందున్న వాళ్ళని శనివారం శిక్షణకి రమ్మన్నాడు. శిక్షణకి పిలిచిన పేర్లలో తనది మొదటిది. ఇలక్కియ నేరుగా ఆయన గదికి పోయింది.

జెబరాజ్ ఆమెని కూచోబెట్టి, నువ్వే ఇట్లా రాస్తే ఎలాగమ్మా అని బాధపడ్డాడు. అణగారిన వర్గం నుంచి వచ్చిన పిల్లవి, నీకే ఇంకొకరి మీద ఇంత వ్యతిరేకత ఉంటే రేపు అన్ని వర్గాల మధ్యా ఎలా పని చేస్తావని అడిగాడు. మీరే నిజం రాయమన్నారు కదా సార్ అందామె. నిజమే, కానీ కొలత కొలతే అన్నాడాయన. దీన్ని శిక్షగా తీసుకోవద్దు, చారులత జట్టులో వేస్తున్నాను, ఆమె జనంతో ఎలా కలిసిపోతుందో దగ్గరుండి చూడు అని భుజం తట్టినంత మెత్తగా చెప్పాడు.

ఆ జట్టుని పంపించే చోటు ఏదో విన్నాక ఇలక్కియకి నవ్వాలో అరవాలో తెలీలేదు. ఒండిపుదూరు అవతల, రైలు పట్టాల పక్క కాలనీ. అది మా వీధి సార్ అని చెప్పింది. జెబరాజ్ సంతోషించాడు. అయితే దారి నువ్వు చూపించు, మాటలు చారులత మాట్లాడుతుంది అన్నాడు. సొంతమనుషుల్ని నువ్వు అడిగితే జవాబుల్లో నిష్పాక్షికత ఉండదట. పైగా చారులతకి వాళ్ళ భాష వచ్చు, క్లాసులో ఇంకెవరికీ లేని అదృష్టం అది అన్నాడు. ఆ భాష క్లాసులో ఇంకొకరికి కూడా వచ్చునన్న సంగతి, ఆ ఇంకొకరు ఎదురుగా కూచుని ఉన్నా, ఆయనకి తట్టలేదు.

జట్టు కాలనీకి పోయిన రోజు ఎండ మాడ్చేస్తోంది. వేలు, తంగమ్మాళ్ పనికి పోయారు. ఇంటి ముందు వేపచెట్టు నీడలో నులకమంచం మీద అవ్వ సెల్లాయి కూచుని ఉంది. సెల్లాయి వేలుకి అమ్మ. వయసులో ఉన్నన్నాళ్ళూ పొల్లాచ్చి వైపు తోటల్లో కొబ్బరి పీచు కొట్టి, మొగుడు పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసిన మనిషి. మనవరాలు కాలేజీ వాళ్ళని తీసుకొస్తుందని తెలిసి ఉతికిన చీర కట్టుకుని, వెంట్రుకలు నున్నగా దువ్వుకుని ఎదురుచూస్తోంది. జెబరాజ్ ఫోను తీసి వీడియో పట్టడం మొదలుపెట్టాడు.

దారిలో ఇలక్కియ చెప్పిన పేరు గుర్తుపెట్టుకుని చారులత ముందుకొచ్చింది. చేతులు నడుం మీద పెట్టుకుంది, ఎందుకు పెట్టుకుందో ఆమెకే తెలీదు. గొంతు మారింది. క్యాంటీన్‌లో వాళ్ళ అవ్వతో మాట్లాడిన గొంతు కాదది.

"ఏమే సెల్లాయీ, బాగుండావా? ఎందురు బిడ్లే నీకు?"

ఆ మాట చెవిన పడడంతోనే సెల్లాయి మంచం మీంచి లేచిపోయింది. మోకాళ్ళ నొప్పులకి రోజూ మనవరాలు చెయ్యి పట్టుకుంటే గాని లేవని మనిషి, ఎవరో కొరడా ఝళిపించినట్టు చటుక్కున లేచి, మంచానికి దూరంగా జరిగి, భుజం మీది కొంగు నడుముకి చుట్టుకుని, చేతులు కట్టుకుని వంగి నిలబడింది. "మీ దయ అమ్మణీ. ఒక కొడుకు సామీ, ఇద్దురు కూతుర్లు" అంది. చారులత ఇంకా అడిగింది. నీళ్ళు యాడనించే తెచ్చుకుంటావు, నీ మొగుడు ఎప్పుడే సచ్చినాడు, నీ పెన్షను వస్తుందా లేదా. మాట మాటకీ "ఏ" ఉంది. ప్రతి జవాబు చివరా "అమ్మణీ" ఉంది. జెబరాజ్‌కి తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయనకి కనబడింది, చారులత ఆ ముసలామె భాషలో గలగలా మాట్లాడడం, ఆ ముసలామె మర్యాదగా లేచి నిలబడి దాచుకోకుండా అన్నీ చెప్పడం. ఆయన మొహం సంతోషంతో మెరిసింది.

ఇలక్కియకి అరికాలి మంట నెత్తికెక్కింది. వచ్చి అవ్వ మోచెయ్యి పట్టుకుని, "కూసో అవ్వా" అంది. సెల్లాయి కూచోలేదు. చెయ్యి విదిలించుకుని, "ఉండే, అమ్మణి అడుగుతుంది గదా" అంది.

ఇలక్కియ చారులత వైపు తిరిగింది.

"మీ అవ్వని ఏమే అంటావా నువ్వు?"

చారులతకి ముందు అర్థం కాలేదు. "మరి ఎట్ల మాట్లాడాలి? వాళ్ళ తెలుగే గదా నేను మాట్లాడింది" అంది.

"మా తెలుగు కాదు అది. మమ్మల్ని పిలిచే తెలుగు. ఆమె మా నాయనకి అమ్మ. వయసులో మీ అవ్వకంటే పెద్దది. మీరు అని అడుగు, లేకుంటే అడగొద్దు."

చారులత చేతులు నడుం మీంచి దించేసింది. మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. అప్పుడు ఆమె అన్న మాట ఇలక్కియ ఎప్పటికీ మరిచిపోలేదు. కసురుకున్న మాట కాదది, నిజాయితీగా వెతుక్కుని చెప్పిన మాట. "వీళ్ళతో ఇంకో తీరుగా మాట్లాడేది నేను విననేలేదు ఇలక్కియా. తోటలో మా అవ్వ పనివాళ్ళని పిలిచేది విని నేర్చుకున్నాను. ఇంకో తీరు ఉందని కూడా..." అక్కడ ఆగిపోయింది.

జెబరాజ్ వీడియో ఆపేశాడు. ఏమైందని అడిగాడు గానీ, జవాబు చెప్పే వరకూ ఆగలేదు. ఆయనకి వినబడింది ఇలక్కియ గొంతు పెరగడం. ఆయన చూసింది జట్టు నాయకురాలు ఏడ్చేట్టు ఉండడం. దారిలో బస్సు కోసం నిలబడ్డప్పుడు ఇలక్కియని పక్కకి పిలిచి, ఇంటర్వ్యూ మధ్యలో చొరబడడం వృత్తి మర్యాదకి విరుద్ధమన్నాడు. నీ కోపమే నీకు శత్రువు, కొలతలో ముందే బయటపడింది చూశావా అన్నాడు. చారులతకీ డిపార్ట్‌మెంటుకీ క్షమాపణ రాసి ఇవ్వమన్నాడు. లేకపోతే ఫీల్డ్ వర్క్ మార్కుల్లో కోత తప్పదని, తను చెయ్యగలిగింది లేదని కూడా చెప్పాడు. ఇలక్కియ వెనక్కి తిరిగి ఇంటి వైపు నడిచింది. నోరు తెరిస్తే ఏమొస్తుందో తనకే నమ్మకం లేక.

ఆ సాయంత్రం కోపమంతా అవ్వ మీద తిరిగింది. ఎందుకు లేచినావు, ఆ పిల్ల నీ మనవరాలి ఈడుది, నా పక్కన కూసుని నా డబ్బాలో తినేది, దానికి చేతులు కట్టుకుని సామీ అంటావా అని నిలదీసింది. సెల్లాయి మోకాళ్ళు నిమురుకుంటూ కూచుంది. చివరికి, "నాకు లేవాలని లేదే, కాళ్ళే లేచినాయి" అంది. పెళ్ళయిన కొత్తలో, కడుపుతో ఉన్నప్పుడు, నడుం నొప్పికి తోటలో గట్టు మీద చతికిలబడి ఉంటే తోట ఆయన వచ్చాడట. తను లేచేసరికి కాస్త ఆలస్యమైందట. తనని ఏమీ అనలేదు. తన మొగుణ్ణి చెట్టుకి కట్టేసి కొట్టారు. ఎవరి తోట అని ఇలక్కియ అడిగింది. ఎవరిదైతే ఏముందే, ఏ తోటలో మాత్రం లేదు ఇది అంది సెల్లాయి. ఇన్నేళ్ళలో ఈ సంగతి కొడుక్కి కూడా చెప్పలేదట. చెబితే వాడికి కోపం వస్తుంది, కోపం వస్తే వాణ్ణీ కొడతారని.

ఇలక్కియ క్షమాపణ రాయలేదు.

తర్వాతి వారం జెబరాజ్ క్లాసులో తెర దించి, ఆ వీడియో వేశాడు. గొడవకి ముందు దాకా కత్తిరించి తెచ్చాడు. అపరిచితుల నమ్మకం ఎలా సంపాదించాలో ఇది చూసి నేర్చుకోండి, భాష తెలియడం ఎంత గొప్ప వంతెనో చూడండి అన్నాడు. ముందు వరసలో చారులత సన్నటి గొంతుతో, వద్దు సార్, అది వెయ్యకండి అంది. ఆయన దాన్ని వినయం అనుకున్నాడు. ఏం మాట్లాడావో అందరికీ తమిళంలో చెప్పమని ఆమెనే అడిగాడు. చారులత తల దించుకుంది.

వెనక నుంచి ఇలక్కియ లేచింది. నేను చెప్తాను సార్ అని తెర దగ్గరికి నడిచింది. కావలిస్తే మధ్యలో చారులత దిద్దవచ్చు అంది. వీడియో మొదలైంది. ఇలక్కియ గొంతు పెంచలేదు, ఏడవలేదు. ఒక్క అక్షరం కలపకుండా, ఒక్క అక్షరం తగ్గించకుండా, విన్నది విన్నట్టు తమిళంలో చెప్పింది.

"ఏండీ సెల్లాయీ, ఎప్పడి ఇరుక్కే? ఉనక్కు ఎత్తనె పుళ్ళైంగడీ?"

తెలుగు "ఏ" తమిళంలో "డీ" అయింది. తమిళంలో కూడా ముసలామెని ఎవరూ అట్లా అనరు. పెళ్ళాన్ని అనే మొగుడుంటాడు, పనిమనిషిని అనే యజమాని ఉంటాడు. తెర మీద సెల్లాయి మంచం మీంచి లేస్తోంది. ఇంతకు ముందు మర్యాదలా కనబడ్డది ఇప్పుడు ఇంకేదోలా కనబడింది. ఇలక్కియ ఆగలేదు. నీళ్ళు ఎక్కడ్నుంచే, మొగుడు ఎప్పుడే, పెన్షను వస్తుందా లేదా అన్న ప్రతి మాటా చెప్పింది. చివరిది చెప్పేటప్పటికి జెబరాజ్ కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు.

కృత్తిక అనే అమ్మాయి, తమిళ పిల్లే, ఊళ్ళల్లో పెద్దింటి వాళ్ళు అట్లా చనువుగానే అంటారు, అందులో ప్రేమే ఉంటుంది కదా అంది. ఇద్దరు ముగ్గురు తలలూపారు. ఇలక్కియ ఏదో చెప్పబోయేంతలో చారులత లేచి నిలబడింది. ప్రేమ కాదు, మా ఇంట్లో ప్రేమగా మాట్లాడేటప్పుడు అవ్వని మీరు అంటాము, అది వేరే గొంతు అని చెప్పి, పుస్తకాలు తీసుకుని క్లాసులోంచి వెళ్ళిపోయింది.

అందరూ పోయాక జెబరాజ్ ఇలక్కియని ఉండమన్నాడు. నాకు భాష తెలీదమ్మా అన్నాడు. తమిళంలో చెబితే వెంటనే తెలిసింది కదా సార్, ముందే అడగాల్సింది అందామె. ఆయన ఒప్పుకున్నాడు. నిజంగానే సిగ్గుపడుతున్నట్టున్నాడు. కానీ మనుషుల్ని ఎలా పిలుస్తారన్న ప్రశ్న ఆ కొలతలో లేదనీ, ఉన్న ప్రశ్నలకి వచ్చిన జవాబులే లెక్కనీ, పేపర్ మదురైకి పంపించేశాననీ చెప్పాడు. చివర్లో పరిమితులు అని ఒక భాగం ఉంటుంది, అక్కడ దీని గురించి ఒక వాక్యం చేరుస్తానన్నాడు.

"మా అవ్వ మీకు ఒక వాక్యమా సార్?"

జెబరాజ్ కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాడు. క్షమాపణ సంగతి మళ్ళీ ఎత్తలేదు గానీ, ఫీల్డ్ వర్క్ మార్కులు ముందే పై వాళ్ళకి పోయాయట, కోత అట్లాగే ఉండిపోయింది. చారులత ఆ ఏడు డిపార్ట్‌మెంట్‌లో మొదటి ర్యాంకు తెచ్చుకుంది.

ఒక ఆదివారం చారులత స్కూటర్ వేసుకుని ఒంటరిగా కాలనీకి వచ్చింది. చెప్పులు బయట విడిచి, అడక్కుండానే నేల మీద చాప మీద కూచుంది. తంగమ్మాళ్ టీ ఇస్తే తాగింది. సెల్లాయిని చూసి, "మీరు బాగుండారా అవ్వా? మోకాళ్ళు ఎట్ల ఉండాయి?" అని అడిగింది. సెల్లాయి గోడకి జరిగిపోయింది. నన్ను మీరంటారేంది అమ్మణీ, నేనేం తప్పు చేసినాను, పోలీసులకి గాని చెప్పినారా అని కొడుకు వైపు భయంగా చూసింది. ఆ ఇంట్లో ఆ మధ్యాహ్నం ఎవరికీ ఎవరి కళ్ళలోకీ చూడడం చేతకాలేదు. పోయేటప్పుడు వాకిట్లో చారులత, నన్ను మన్నించినావా అని ఇలక్కియని అడిగింది. నన్నెందుకు అడుగుతావు, అడగాల్సిన మనిషికి నిన్ను చూస్తేనే వణుకు అంది ఇలక్కియ. చారులత మళ్ళీ ఇంకోసారి వచ్చింది. ఆ తర్వాత రాలేదు. ఇప్పుడు తండ్రి పంపుల ఫ్యాక్టరీలో ఉద్యోగుల వ్యవహారాలు చూస్తోంది. ఆమెకి ఇలక్కియ మీద కోపం లేదు. ఇలక్కియకి ఆమె మీద ఉన్నది పూర్తిగా పోలేదు.

చదువయ్యాక ఇలక్కియకి మదురైలో ఉద్యోగం దొరికింది. పారిశుద్ధ్య కార్మికుల తరఫున పనిచేసే చిన్న సంఘం. ఆ ఊళ్ళోనూ కాలనీలున్నాయి, ఇళ్ళల్లో తెలుగే. మాటలు కొన్ని వేరు, యాస కాస్త వేరు. వచ్చిన కొత్తలో ఆమె కోయంబత్తూరు తెలుగు విని ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. జెబరాజ్ పేపర్ అచ్చయ్యాక ఆమె తెప్పించుకుని చదివింది. చివర్లో ఆ వాక్యం ఉంది. స్థానిక భాషల్లోని సంబోధనా భేదాల్ని ఈ కొలమానం పరిగణనలోకి తీసుకోలేదని ఇంగ్లీషులో, పేరూ ఊరూ లేకుండా ఉంది. చదివి మూసేసి, వార్డుకి బయల్దేరింది.

ఆమె చూసే వార్డులో పాండియన్ అని ఒక మేస్త్రీ ఉండేవాడు. తెల్లారగట్ల హాజరు వేసే చోట, తన తల్లి ఈడు ఆడవాళ్ళని వాడీ పోడీ అని, అంటే రావే పోవే అని, కేకలు వేసేవాడు. అందరికంటే ఎక్కువ తిట్లు తినేది పాంచాలి. చెవి సరిగ్గా వినబడదు కాబట్టి పిలిచిన వెంటనే పలకదు. ఇలక్కియ అక్కడికి పోయి నిలబడింది. మర్యాదగా పిలవండి అంటే పాండియన్ నవ్వి, వీళ్ళకి అట్లా పిలిస్తేనే వినబడుతుంది, కావాలంటే అడుగు, వీళ్ళెవరికైనా బాధ ఉందేమో అన్నాడు. అడిగితే ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. పాంచాలి కూడా ఏమీ లేదంది. ఇలక్కియ పళ్ళు కొరుక్కుంటూ వెనక్కి వచ్చింది. మళ్ళీ మర్నాడు పోయింది. వారమంతా పోయింది. ఆ వారం చివర, పాండియన్ మళ్ళీ అరిచినప్పుడు, పాంచాలి చీపురు కింద పెట్టి, "నాకు పేరుంది సామీ, పాంచాలి" అంది. గొంతు పెద్దగా లేదు. అయినా వరసలో ఉన్న వాళ్ళందరికీ వినబడింది.

సంఘం కార్పొరేషన్ అధికారులకి ఫిర్యాదు రాసింది. విచారణ అన్నారు, రేపు మాపు అన్నారు. చివరికి పాండియన్‌ని ఏమీ అనకుండా ఊరికి అవతల ఇంకో వార్డుకి మార్చారు. అక్కడ అదే గొంతుతో ఇంకెవరినో పిలుస్తున్నాడని విన్నప్పుడు, ఇలక్కియతో పనిచేసే వాళ్ళు, అది మన వార్డు కాదు, వదిలెయ్యి అన్నారు. ఆ వార్డుకి పోవాలంటే పెరియార్ బస్టాండులో బస్సు మారాలి. ఆమె చీకటితోనే లేచి, బస్సు మారి పోతోంది.